నొప్పి తగ్గింది కదా అని ఆపేయకండి: రూట్ కెనాల్ గురించి

అందరికీ నమస్కారం.

రూట్ కెనాల్ అనగానే ఎవరైనా మొదట అడిగేది, నొప్పి పుడుతుందా అని. ఆ మాట కాసేపాగి చెప్పుకుందాం. ముందు నొప్పి తగ్గడం గురించి మాట్లాడాలి. పంటి వ్యవహారంలో నొప్పి రెండుసార్లు తగ్గుతుంది, రెండుసార్లూ మనం మోసపోతాం.

పన్ను పైకి రాయిలా కనబడుతుంది గానీ లోపల బోలు. పైన ఎనామిల్, దాని కింద డెంటిన్, నడిమధ్య మెత్తటి గుజ్జు. నరాలూ రక్తనాళాలూ ఆ గుజ్జులోనే ఉంటాయి. అది సన్నటి దారులుగా వేళ్లలోకి దిగి, వేరు కొన దగ్గర దవడ ఎముకను చేరుతుంది. ఆ దారులే కెనాల్స్. వాటిని శుభ్రం చేసి నింపడమే రూట్ కెనాల్ వైద్యం. పుచ్చు లోతుకు పోయి గుజ్జును తాకితే వాపు వస్తుంది. చేతివేలికి వాపొస్తే ఉబ్బడానికి చోటుంది. గుజ్జు చుట్టూ అన్నీ గట్టి గోడలే, అందుకే అంత సలుపు.

చల్లటి కొబ్బరినీళ్లు తగిలి జివ్వుమని, రెండు మూడు సెకన్లలో పోయిందనుకోండి. గుజ్జు ఇంకా కోలుకోగలదు, ఫిల్లింగుతో సరిపోవచ్చు. అర నిమిషం దాటినా లాగుతూనే ఉంటే, వేడి కాఫీకి పోటు లేస్తే, పడుకోగానే ఎక్కువైతే, ఆ గుజ్జు ఇక కోలుకోదని లెక్క. ఇలా కొన్నాళ్లు బాధపెట్టి, ఒకరోజు నొప్పి దానంతటదే పోతుంది. ఇది మొదటి మోసం. గుజ్జు చచ్చిపోయింది, చెప్పడానికి నరం లేదు, అంతే. సూక్ష్మజీవులు వేరు కొన దాటి ఎముకలోకి దిగుతాయి. కొన్ని నెలలకు చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది, పగిలి చీము వస్తుంది, మానినట్టే మాని మళ్లీ లేస్తుంది. చీము బయటికి పోయే దారి దొరికింది కాబట్టి నొప్పి ఉండదు.

ఈ దశలో మెడికల్ షాపులో నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కోవడం మనవాళ్లకు అలవాటు. మందు వెళ్లేది రక్తంలో. చచ్చిన గుజ్జులోకి రక్తం పోదు, ఇక మందు ఎలా పోతుంది? ముఖం వాచి జ్వరం ఉన్నప్పుడే ఆ బిళ్లల అవసరం, అదీ డాక్టరు రాస్తేనే. దవడ కింద, మెడ మీదికి గట్టిగా వాపు దిగి, మింగడం కష్టమై, నోరు తెరుచుకోకపోతే అది పంటి డాక్టరు వచ్చేదాకా ఆగే విషయం కాదు. ఏ వేళైనా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి, ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో లవంగ నూనె దూదితో కాసేపు పెట్టుకోవచ్చు. పొగాకు, సున్నం కుక్కితే చిగురు కాలడం తప్ప ఫలితం లేదు.

ఇక వైద్యం. మత్తు సూది వేశాక చాలామందికి నొప్పి తెలియదు. అయితే బాగా సలుపుతున్న పంటికి, అందులోనూ కింది దవడ పంటికి, పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారకపోవడం ఉంది. ఓర్చుకోకండి, చెయ్యెత్తండి, ఇంకో సూది వేసే మార్గాలున్నాయి. తర్వాత పంటి చుట్టూ రబ్బరు షీటు బిగిస్తారు. ఉమ్ములోని క్రిములు లోపలికి పోకుండా, మందులూ సన్నటి పరికరాలూ గొంతులోకి జారకుండా అదే అడ్డుకట్ట. అది లేకుండా పని మొదలుపెడితే, వేయరా అని అడగడంలో తప్పులేదు.

పన్ను పైభాగంలో చిన్న తలుపు తీసి కెనాల్స్ వెతుకుతారు. ఇక్కడే సగం పని. ముందు పళ్లకు ఎక్కువగా ఒకటే ఉంటుంది. కింది మొదటి దవడ పంటికి సాధారణంగా మూడు. పై మొదటి దవడ పంటికి మూడు వేళ్లే కనిపించినా నాలుగో కెనాల్ ఉండడం మామూలు. బుగ్గవైపు ముందు వేరులో దాక్కుని, వెంట్రుకంత సన్నగా ఉంటుంది. అది దొరక్కపోతే మిగతా మూడూ ఎంత బాగా చేసినా కొన్నాళ్లు పోయాక పన్ను మళ్లీ తిరగబెట్టవచ్చు.

దొరికిన ప్రతి దారికీ పొడవు కొలవాలి. పెదవికి కొక్కెం తగిలించి, కీకీమనే యంత్రంతో చూస్తారు, ఎక్స్‌రేతో సరిపోల్చుకుంటారు. ఎక్స్‌రేలో కనబడే వేరు కొనకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ముందే ఆగాలి. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తున్నప్పుడు శివారు దాకా తీయకపోతే ఏమవుతుందో డెల్టా రైతుకు నేను చెప్పేదేముంది? ఇక్కడా జబ్బు శివారులోనే ఉంటుంది. కాకపోతే కాలువకు లేని చిక్కొకటి ఇక్కడుంది. కొన దాటితే కుళ్లు ఎముకలోకి తోసినట్టవుతుంది, వాపు రావచ్చు.

తవ్వేవి ఫైళ్లు, అంటే సూదిలా సన్నటి ఆకురాళ్లు. 15 నంబరు ఫైలు కొన 0.15 మిల్లీమీటర్లు. అక్కడ మొదలుపెట్టి కొన దగ్గర 0.25 లేదా ఇంకాస్త పైదాకా వెడల్పు చేస్తారు. వంపు తిరిగిన వేరులో అరిగిన ఫైలు విరగవచ్చు. విరిగిందంటే పన్ను పోయినట్టు కాదు. అప్పటికి కొన శుభ్రమైందా లేదా అన్నదే లెక్క. రోగికి ఆ మాట చెప్పడం మాత్రం డాక్టరు బాధ్యత.

నిజానికి ఫైలు దారి చేస్తుందంతే, కడిగేది మందు. సోడియం హైపోక్లోరైట్, అంటే వరదలప్పుడు బావుల్లో వేసే బ్లీచింగు పౌడరుకు దగ్గరి చుట్టం. చచ్చిన కణజాలాన్ని కరిగిస్తుంది, ఫైలు అందని మూలల్లో క్రిముల్ని చంపుతుంది. సూదిని కెనాల్‌లో బిగించి గట్టిగా తోస్తే ఆ మందు ఎముకలోకి పోయి ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాపు, కమిలిన మచ్చ. అందుకే వదులుగా పెట్టి మెల్లగా వదలాలి. చివర్లో 17 శాతం ఈడీటీఏ అనే ద్రావణంతో గోడల మీది పొడి కడుగుతారు.

గుజ్జు బతికుంటే ఒక్క సిట్టింగులో ముగించవచ్చు. చీముంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందు లోపల పెట్టి ఒకటి రెండు వారాలు ఆపుతారు, పైన తాత్కాలిక సిమెంటు. రెండో మోసం ఇక్కడుంది. మొదటి సిట్టింగుకే సలుపు పోతుంది, ఊడ్పులు అయ్యాక వస్తాంలే అనుకుంటారు. ఆ సిమెంటును కొన్ని వారాలకు మించి నమ్మలేం. అది కారితే ఉమ్ము దిగి, కడిగిందంతా మళ్లీ కుళ్లుతుంది.

కడిగిన దారుల్ని గట్టాపర్చా అనే చెట్టుపాల పదార్థంతో, సీలర్ సిమెంటుతో నింపుతారు. రెండు మూడు రోజులు కొరికితే నొప్పి సహజం. రోజురోజుకూ పెరిగితే తిరిగి వెళ్లండి.

దవడ పంటికైతే క్యాపు వేసేదాకా వైద్యం పూర్తి కానట్టే. పుచ్చు కొంత, తీసిన తలుపు కొంత పోయి గోడలు పలచబడి ఉంటాయి. అదే వైపు జంతికో చెరకు ముక్కో కొరికారా, పన్ను నిలువునా చీలవచ్చు. చీలిక వేరులోకి దిగితే పీకడమే. చిగురు పైన చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలుంటేనే క్యాపు పట్టు నిలుస్తుంది. అంత లేకపోతే రూట్ కెనాల్‌కు డబ్బు పెట్టేముందే ఆ సంగతి అడగండి. కనబడని వెనక పంటికి లోహపు క్యాపు చాలు, అందం కోసం అప్పు చేయనక్కర్లేదు. పెద్దగా దెబ్బతినని ముందు పంటికైతే క్యాపు లేకుండా ఫిల్లింగుతో సరిపోవచ్చు.

షుగరున్నవాళ్లు పరీక్ష చేయించుకుని వెళ్లండి. రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపకండి. పై పన్ను ముట్టుకుంటే కళ్లు పోతాయన్న మాట పట్టించుకోకండి, చూపు నరానికీ పంటి నరానికీ పొత్తు లేదు.

ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ ఒక ఎక్స్‌రే తీయించాలి. వేరు కొన దగ్గర నల్లగా కనబడిన చోట ఎముక నిండుతోందా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది. పక్కన పెట్టి పోల్చాలంటే పాత ఎక్స్‌రే కావాలి, దాన్ని పారేయకండి. ఇక మీరు అడగండి.