ఖండాల వయసు మాంటిల్‌ని అడగాలి

మాంటిల్ అనగానే ఎర్రగా కుతకుతలాడే లావా గీసేస్తారు చూడండి, ఆ బొమ్మ కనబడితే చాలు నాకు చిరాకు. మాంటిల్, అంటే భూమి పైపొరకీ నడిమి గోళానికీ మధ్యనున్న మందపాటి భాగం, ద్రవం కాదు, రాయి. ఆలివిన్, పైరాక్సీన్ ఖనిజాలున్న పెరిడొటైట్. కోట్ల ఏళ్ల మీద మెల్లగా పారుతుంది. పైకి లేచిన చోట ఒత్తిడి తగ్గి కొద్దిగా, కొద్దిగా మాత్రమే కరుగుతుంది.

ఆ కొద్దిగా కరగడంలో ఏం జరుగుతుందో చూద్దాం. రంగు దిగే కొత్త బట్టని నీళ్లలో ముంచండి. నీళ్లకి రంగు ఎక్కుతుంది, బట్ట కాస్త వెలుస్తుంది. ఇక్కడా అంతే. రుబీడియం అనే లోహపు అయాన్ పెద్దది, ఆలివిన్ స్ఫటికంలో ఇమడదు. కరగడం మొదలవగానే ముందు బయటపడేది అదే. అలా వచ్చిన ద్రవం పైకెక్కి, గట్టిపడి, మళ్లీ కరిగి, చివరికి ఖండాల గ్రానైట్ తయారవుతుంది. రంగు నీళ్లు పైన, వెలిసిన బట్ట కింద.

మరి ఖండాలు ఎప్పుడు పెరిగాయో తెలియడానికి పైనున్న రాళ్ల వయసులు లెక్కేస్తే సరిపోదా? సరిపోదు. గ్రానైట్లలో దొరికే, త్వరగా చెడని జిర్కాన్ స్ఫటికాల వయసులతో గ్రాఫ్ గీస్తే 270, 190, 110 కోట్ల ఏళ్ల దగ్గర గుట్టల్లా కనిపిస్తాయి. వెంటనే "అదిగో, అప్పుడే ఖండాలు పెరిగాయి" అనేస్తారు. అవి పెరిగిన కాలాలా, చెడకుండా మిగిలిన కాలాలా? నీళ్లలో చాలా భాగం ఎప్పుడో పారబోసేశాక, బకెట్ అడుగున మిగిలినవి కొలిచి ఎంత రంగు దిగిందో చెప్పలేం కదా. కెనడాలోని అకాస్టా నైస్ అనే రాయి వయసు సుమారు 400 కోట్ల ఏళ్లు. అంతకన్నా పాత రాయి దొరకడం గగనం. అంతమాత్రాన అప్పుడు ఖండం లేదని కాదు, తిరిగి మాంటిల్లోకి కూరుకుపోయి ఉండొచ్చు. భూవిజ్ఞాని రిచర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1981లో గట్టిగా వాదించింది ఇదే: ఖండాలు తొలినాళ్లలోనే దాదాపు ఇప్పటంత అయిపోయాయి, ఆ తర్వాత ఎంత చేరిందో అంతా పోతూ వచ్చింది. ఈ పేచీ తేలాలంటే బట్టనే చూడాలి.

ఎలా చూస్తాం? రేడియోధార్మిక రుబీడియం-87 క్షీణించి స్ట్రాన్షియం-87 అవుతుంది. అర్ధాయుష్షు, అంటే అందులో సగం మారడానికి పట్టే కాలం, దగ్గరదగ్గర 4,960 కోట్ల ఏళ్లు. దీన్ని, పెరగని స్ట్రాన్షియం-86తో పోల్చి 87/86 నిష్పత్తిగా చెబుతారు. భూమి పుట్టే వేళ, అంటే 456 కోట్ల ఏళ్ల కిందట, అది 0.699. రుబీడియం కోల్పోయిన మాంటిల్లో అది నత్తనడక నడుస్తుంది. ఇవాళ సముద్రమధ్య పర్వతశ్రేణుల బసాల్ట్‌లో (మాంటిల్ కరిగి వచ్చిన లావా రాయి) 0.7025 అటూ ఇటూ. గ్రానైట్లలో 0.71 దాటడం మామూలే.

అయితే ఇవాళ్టి మాంటిల్ లెక్కలేనన్నిసార్లు ఉతికిన బట్ట. 370 కోట్ల ఏళ్ల కిందట ఎంత వెలిసిందో తెలియాలంటే, ఆ రోజే కత్తిరించి పెట్టెలో దాచిన పీలిక ఒకటి దొరకాలి. దొరికింది: అనార్థొసైట్. ఇది నేరుగా మాంటిల్ రాయి కాదు, మాంటిల్ కరిగి వచ్చిన మాగ్మాలో పేరుకున్నది. నూటికి 90 పాళ్లు ప్లేజియోక్లేజ్. ఈ ఖనిజంలో కాల్షియం స్థానంలోకి స్ట్రాన్షియం హాయిగా చేరుతుంది, రుబీడియంకి మాత్రం దాదాపు చోటుండదు. అందుకే స్ఫటికం కట్టిన రోజున్న నిష్పత్తి దాదాపు అలాగే ఉండిపోతుంది.

కొలవడమే కష్టం. ఏమాత్రం వెలవని మాంటిల్లో కూడా మొదటి 83 కోట్ల ఏళ్లలో ఆ నిష్పత్తి పెరిగేది 0.001 మాత్రమే. వెలిసిందా లేదా అన్న తేడా నాలుగో దశాంశ స్థానంలో తేలాలి. రాయి మొత్తం పొడి కొట్టి కొలిస్తే పనికిరాదు. పగుళ్ల వెంట నీళ్లు దిగి ప్లేజియోక్లేజ్ సన్నటి తెల్ల మైకాగా మారిపోయి ఉంటుంది, ఆ మైకా నిండా రుబీడియమే. అందుకని పలుచని ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి, మబ్బు పట్టని స్ఫటిక గర్భం ఎంచుకుని, అక్కడ మాత్రమే లేజర్‌తో చెక్కి, పరమాణువుల్ని బరువునిబట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్లోకి పంపుతారు. అక్కడా తలనొప్పులే. రుబీడియం-87 బరువూ స్ట్రాన్షియం-87 బరువూ యంత్రానికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, రుబీడియం-85ని కొలిచి దాన్నిబట్టి తీసివేయాలి. యంత్రంలో వాడే ఆర్గాన్ వాయువులో మలినంగా వచ్చే క్రిప్టాన్, బరువు 86 దగ్గర అడ్డుపడుతుంది. దాన్నీ తీసివేయాలి. ఈ దిద్దుబాట్ల వివరం లేని పట్టిక కనబడితే నేను పేజీ తిప్పేస్తాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ప్రాంతపు అనార్థొసైట్ల వయసు సుమారు 370 కోట్ల ఏళ్లు. వాటి ప్లేజియోక్లేజ్ మీద చేసిన పని 2025లో వచ్చింది. అందులో తేలింది: అప్పటికి బట్ట పెద్దగా వెలవలేదు. ఖండాలు చెప్పుకోదగ్గంతగా పెరగడం సుమారు 350 కోట్ల ఏళ్ల కిందట, అంటే భూమి పుట్టిన 100 కోట్ల ఏళ్లకి మొదలైంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వాదనకి ఇది ఎదురుదెబ్బే. పూర్తిగా ఓడిందా అంటే, పీలిక ఒక్కచోటిది. పైకొచ్చే దారిలో మాగ్మా పాత రాయిని కరిగించుకుని ఉంటే నిష్పత్తి పెరిగిపోయి, వెలిసిన మాంటిల్ కూడా వెలవనట్టు కనిపిస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. అదే ప్రాంతంలోని జాక్ హిల్స్ జిర్కాన్లలో అన్నిటికన్నా పాతవి 440 కోట్ల ఏళ్లవి, మరి వాటి సంగతేంటని కామెంట్లలో అడుగుతారు. జిర్కాన్ ఉందంటే కరిగి గట్టిపడిన రాయి ఉన్నట్టు, అంతే. ఖండం ఎంత పెద్దదో అది చెప్పదు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువా రాళ్లలో నియోడిమియం-142 (భూమి తొలినాళ్లలోనే అయిపోయిన ఒక రేడియోధార్మిక మూలకం నుంచి పుట్టేది) కాస్త ఎక్కువగా ఉంది. మాంటిల్ తొలి కోట్ల ఏళ్లలోనే ఒకసారి విడిపోయిందని దాని అర్థం. కానీ ఆ విడిపోవడం వల్ల పుట్టింది బసాల్ట్ పొరే కావచ్చు. లోతునుంచి ఎగజిమ్మే కింబర్లైట్ మాగ్మాలు మోసుకొచ్చిన అసలు సిసలు మాంటిల్ ముక్కలకి, రీనియం క్షీణించి ఆస్మియం అవడాన్నిబట్టి వయసు కట్టే రీనియం-ఆస్మియం పద్ధతి వాడతారు. అక్కడ రీనియం ద్రవంలోకి పోతుంది, ఆస్మియం రాయిలోనే ఉండిపోతుంది. పైకి తెచ్చిన కింబర్లైట్ తన రీనియంని ఆ ముక్కకి అంటిస్తే వయసు తారుమారవుతుంది. ముక్కలో రీనియం మొదట్లోనే పూర్తిగా పోయిందనుకుని కట్టే లెక్క ఒకటుంది, అది ఇచ్చేది కనీస వయసే. ఇక వజ్రాల్లో చిక్కుకున్న ఖనిజాలు: ఎక్లోజైట్ (లోతుకి దిగి, ఒత్తిడికి మారిపోయిన బసాల్ట్) రకంవి 300 కోట్ల ఏళ్లకి ఇటువైపే కనిపిస్తాయి, అంతకన్నా పాతవి పెరిడొటైట్ రకమే. పలకలు ఒకదాని కిందకి ఒకటి దూరడం, ఖండాలు ఢీకొనడం అప్పటినుంచే అని శాస్త్రవేత్తలు షైరీ, రిచర్డ్‌సన్ 2011లో చెప్పింది దీన్ని చూసే.