వదులు లేని విమానం
(నెల్లూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీది పెట్టెలో ఉన్నది ఎక్స్‌ట్రా 300 అనే విన్యాసాల విమానానికి రేడియోతో ఎగరేసే నమూనా. జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా రూపొందించిన అసలు విమానం 1988లో తొలిసారి ఎగిరింది. దాని ఇంజను 300 హార్స్‌పవర్, పేరులోని అంకె అక్కడిదే. దాని రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 8 మీటర్లు. మనది 85 అంగుళాలు, అంటే పావు వంతు కన్నా కాస్త ఎక్కువ. దీనికి 55 సీసీ పెట్రోలు ఇంజను, 22 లేదా 23 అంగుళాల ప్రొపెల్లర్ వేస్తారు. అన్నీ బిగించాక ఏడెనిమిది కిలోలు తూగుతుంది.

ఫ్యాక్టరీవాళ్లు బాల్సా చెక్కతో, పల్చని ప్లైవుడ్‌తో అస్థిపంజరం కట్టి, పైన రంగుల ఫిల్ము అంటించి పంపుతారు. కీళ్లు, రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు అంటే సర్వోలు, ఇంజను, ట్యాంకు, వైరింగు మన వంతు. మీరు ఇందాక నన్ను అడిగినవన్నీ స్టిక్కర్ల గురించి, లైట్ల గురించి, పొగ వదిలే ఏర్పాటు గురించి. అవి వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఈ ఏడాది డబ్బు, ఓపిక మొత్తం వదులు తీయడానికే ఖర్చు పెట్టండి.

వదులు అంటే ఏమిటో చెబుతాను. రెక్క వెనుక అంచున పైకీ కిందికీ ఆడే పలక ఎయిలరాన్. సర్వోను కదలకుండా ఉంచి, ఆ పలకను వేలితో తాకితే కొద్దిగా కదిలిందనుకోండి, గాలిలో వేగం పెరిగినప్పుడు ఆ కాస్త సందులోనే అది కొట్టుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని ఫ్లట్టర్ అంటారు. ఒక్కో ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. కిందనున్న మీకు బుర్రుమన్న చప్పుడు వినిపించేసరికి పలక ఊడిపోయి ఉంటుంది.

అందుకే కీళ్ల దగ్గర తొందరపడకూడదు. కీలు మధ్యలో సన్నటి పిన్ను ఉంటుంది. అగ్గిపుల్ల కొనతో ఆ పిన్ను చుట్టూ మాత్రమే రవ్వంత వేసలిన్ రాయండి. తరువాత కీలుకు అటూ ఇటూ ఉన్న రెండు కాళ్లకూ ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి వాడే జిగురు, పూసి రెక్కలో, పలకలో ఉన్న రంధ్రాల్లోకి దించండి. వేసలిన్ కాళ్లకు అంటితే జిగురు పట్టదు. పిన్నుకు అంటకపోతే కీలే బిగుసుకుపోతుంది. పిన్నులన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఒకటి లోతుగా, ఒకటి పైకి ఉంటే పలక తిరిగినప్పుడల్లా కీళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, సర్వో ఆ పెనుగులాటకే బ్యాటరీ తాగేస్తుంది. ఐదు నిమిషాల ఎపాక్సీ వద్దు. మన మే నెల ఎండల్లో అది కలుపుతుండగానే చిక్కబడుతుంది. అరగంటది తెచ్చుకోండి. ఆరాక రెక్కకూ పలకకూ మధ్య సందును అడుగు వైపు నుంచి పారదర్శక టేపుతో మూసేయండి.

ఇక సర్వో. 25 కిలో-సెంటీమీటర్ల సర్వో అంటే ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 25 కిలోల బలంతో లాగగలదని అర్థం. ఆ ఇరుసుకు ఒకటిన్నర అంగుళం చేయి, అంటే పలకను లాగే పట్టీ, బిగిస్తే కొన దగ్గర మిగిలేది ఆరున్నర కిలోలే. త్రీడీ విన్యాసాలకు, అంటే విమానాన్ని దాదాపు గాలిలో నిలబెట్టి తిప్పే ఆటలకు, పలకలు 45 డిగ్రీల దాకా తిరగాలి కాబట్టి పొడుగు చేయి తప్పదు. లూపులు, రోల్స్ నేర్చుకునేవారికి పొట్టి చేయి చాలు. చాలామంది పొడుగు చేయి వేసి, చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో కదలికను సగానికి తగ్గించేస్తారు. సర్వో తిరగగలిగినదాంట్లో సగమే వాడుకుంటూ, అందాల్సిన బలాన్ని పోగొట్టుకుంటూ, గేర్లలోని వదులును మాత్రం పూర్తిగా పలక దాకా చేరవేయడమే ఇది. తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ కాదు.

ఇంజను వెనుక పెట్టే అల్యూమినియం స్పేసర్లు మన ఆటోనగర్‌లో లేతు మీద తీయించుకోవచ్చు. నాలుగూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో అక్కడే వెర్నియర్ పెట్టి చూసుకోండి. ఇంజను రెండు మూడు డిగ్రీలు కుడికి ఓరగా కూర్చునేలా ముందు గోడను ఫ్యాక్టరీలోనే అలా పెడతారు. దాన్ని తప్పనుకుని సరిచేసే మహానుభావులు ఉంటారు, మీరు వాళ్లలో చేరకండి.

ఇంజను మూత ముందు రంధ్రాలు పెద్దవి చేస్తే చల్లబడుతుందని అనుకుంటాం. నిజానికి వేడి గాలి బయటికి పోయే దారి పెద్దదిగా ఉండాలి, లోపలికి వచ్చే దారికి రెండు మూడు రెట్లు. లోపల పల్చటి చెక్కతో గోడ కట్టి, గాలి సిలిండర్ మీదుగానే పోయేలా చేయాలి. మన ఎండలకు ఇది అలంకారం కాదు.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, కార్బ్యురేటర్ లోపలి పల్చటి పొరకు మంచిది కాదు. అందుకే ఎగరేయడం అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపండి. టూ స్ట్రోక్ ఆయిలు 30కి ఒకటి పాళ్లలో అయితే లీటరుకు 33 మిల్లీలీటర్లు. సిలికాన్ గొట్టం పెట్రోలుకు ఉబ్బిపోతుంది, పెట్రోలు తట్టుకునే గొట్టమే వేయండి.

విమానం ముందు వెనకల తూకం సరిచూసేటప్పుడు సీసం ముక్కలు అతికించే ముందు బ్యాటరీలను ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. సిగ్నల్ పోతే త్రాటిల్, అంటే ఇంజను వేగం, కిందికి పడిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టండి. విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు.

చట్టం మాట కూడా. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల వరకు బరువున్నది చిన్న తరగతి. ఎగరేసే ముందు ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నా మనకు పొరుగే, దక్షిణంగా వెళ్లేవారు మరీ జాగ్రత్త. కోతలయిన పొలం దొరికితే మేలు. రొయ్యల చెరువుల పక్కన వద్దు, ఉప్పునీటిలో పడిన రిసీవర్ ఇక పనికి రాదు.

ఇప్పుడు నలుగురు ముందుకు రండి. ఒకరు సర్వో ఆన్ చేసి పట్టుకోండి, ఇంకొకరు ఎయిలరాన్ చివర వేలు పెట్టి చూడండి. ఇంజను మాత్రం ఈ హాల్లో స్టార్ట్ చేయను, ప్రిన్సిపాల్ గారికి ముందే మాటిచ్చాను.