చాక్లెట్ సిస్ట్ ఉంటే ఐవీఎఫ్‌లో అండాలకు ఏమవుతుంది?

[తెరపై: స్కానింగ్ చిత్రం, అండాశయంలో గుండ్రటి సిస్ట్]

నమస్కారమండీ. రిపోర్టులో "ఎండోమెట్రియోమా" అన్న మాట చూడగానే చాలామందికి ఒకటే టెన్షన్: "నా ఎగ్స్ పాడైపోయాయా?" ఈ ప్రశ్నకు అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు.

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం అండాశయాల మీద, ట్యూబుల దగ్గర, పేగుల మీద పెరగడమే ఎండోమెట్రియోసిస్. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుంది. పీరియడ్స్‌లో మెలికలు తిరిగిపోయే అమ్మాయితో "పెళ్లయితే అదే తగ్గిపోతుంది" అంటారు చూడండి, ఆ మాట వల్లే ఎంతోమందికి ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు.

ఈ జబ్బు వల్ల అండాశయంలో పాత రక్తం పేరుకుపోయి ఏర్పడే సంచే చాక్లెట్ సిస్ట్. రిపోర్టులో ఎండోమెట్రియోమా అని రాసేది దీన్నే. అందులో ఐరన్ ఎక్కువ. దానివల్ల చుట్టుపక్కల కణాల్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు), ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలను దెబ్బతీసే రసాయన ఒత్తిడి) పెరుగుతాయి.

[తెరపై: కణాల గుత్తి మధ్యలో అండం]

అండం చుట్టూ ఉన్న ఈ గ్రాన్యులోసా కణాలే దానికి పోషణ అందిస్తాయి. అవి దెబ్బతింటే అండం సరిగా ఎదగదు. అందుకే పికప్ రోజు, అంటే అండాలను సూదితో బయటికి తీసే రోజు, అండాలు తక్కువ రావచ్చు, వచ్చినవాటిలో కొన్ని పక్వానికి రాకపోవచ్చు. ల్యాబ్‌లో ఈ కణాలను తొలగించి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అండం అంచున చిన్న బుడగలా పోలార్ బాడీ కనిపిస్తే అండం పక్వానికి వచ్చినట్టు. అప్పుడే ఇక్సీ చేస్తారు, అంటే అండంలోకి ఒక శుక్రకణాన్ని సూదితో ఎక్కిస్తారు.

మరి ఎంబ్రియోల (పిండాల) సంగతి? 1994లో స్పెయిన్ డాక్టర్లు దాతల అండాలతో జరిగిన ఐవీఎఫ్ ఫలితాలు పరిశీలించారు. ఎండోమెట్రియోసిస్ ఉన్న దాతల అండాలతో తయారైన ఎంబ్రియోలు గర్భసంచిలో తక్కువగా అతుక్కున్నాయి. అదే జబ్బున్నవాళ్లు ఆరోగ్యవంతుల అండాలు తీసుకుంటే, ఫలితం మిగతావాళ్లలాగే వచ్చింది. దీంతో చాలాకాలం తప్పంతా అండం మీదే వేశారు.

2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనం నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. ఎంబ్రియోల్లో క్రోమోజోమ్ లోపాలు ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలోనూ, అదే వయసున్న మిగతావాళ్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయని తేలింది. క్రోమోజోముల విషయంలో అసలు లెక్క వయసుదే. ఐదో రోజు దాకా బాగా ఎదిగిన ఎంబ్రియో ఉంటే, ఎండోమెట్రియోసిస్ ఉందన్న ఒక్క కారణంతో ఆశ వదులుకోకండి.

కాబట్టి ఎక్కువమందికి అసలు ఇబ్బంది అండాల సంఖ్య దగ్గరే వస్తుంది. తొందరపడి ఆపరేషన్ చేయించుకుంటే ఆ సంఖ్య ఇంకా పడిపోవచ్చు. సిస్ట్ గోడను ఒలిచేటప్పుడు దాన్ని అంటుకున్న మంచి అండాశయం, అందులోని అండాలు కూడా కొంత పోతాయి. తర్వాత ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్) తగ్గుతుంది. రెండు వైపులా చేస్తే నష్టం మరీ ఎక్కువ. ఐవీఎఫ్ ఫలితం మెరుగుపడుతుందని ప్రతి ఒక్కరికీ ముందే సిస్ట్ తీసేయొద్దని యూరప్ నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో చెప్పింది.

అలాగని ఆపరేషనే వద్దని కాదు. నొప్పి భరించలేనంతగా ఉన్నా, క్యాన్సర్ అనుమానం ఉన్నా, అండాలు తీసే సూదికి సిస్ట్ అడ్డొస్తున్నా చేయాల్సి రావచ్చు. అలాంటప్పుడు తేదీ ఖాయం చేసుకునే ముందే ఏఎంహెచ్ పరీక్ష, ఫోలికల్స్ (అండాలు పెరిగే చిన్న సంచులు) లెక్కించే స్కాన్ చేయించుకోండి. "డాక్టర్ గారూ, ముందు ఎగ్స్ గానీ ఎంబ్రియోలు గానీ ఫ్రీజ్ చేసుకుంటే నాకు మేలా?" అని గట్టిగా అడగండి.