టీచరు గొంతు పోయిన రోజు

శ్రోతలకు నమస్కారం.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు దానికి ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరుదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విని, దాసుగారు ఆయనను ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని సంగీతలోకంలో చెప్పుకుంటారు. నాయుడుగారికి అప్పటికి 26 ఏళ్ళు. ఈ కథ విన్నప్పుడల్లా, మొదటి పాఠానికి పిల్లలు వచ్చి ఎదురుగా కూర్చున్న ఆ పూట ఆయనకు ఏమనిపించి ఉంటుందా అని నేను ఆలోచిస్తూ ఉంటాను. పాడడం వేరు, నేర్పడం వేరు అన్న సంగతి, డిప్లొమా చేతికి వచ్చి, ముందుగదిలో చాప పరిచి నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకున్న ప్రతి కొత్త ఉపాధ్యాయుడికీ ఏదో ఒకనాడు తెలిసివస్తుంది.

నాకు తెలిసిరావడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పట్లో నేను పిల్లలతోపాటు గొంతెత్తి పాడేదాన్ని. గది నిండుగా వినిపించేది, పాఠం బాగా సాగుతున్నదని సంతోషించేదాన్ని. ఒక శ్రావణమాసంలో జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పాఠం మానడం ఇష్టంలేక, ఆధార స్వరాన్ని ఎడతెగకుండా మోగించే శ్రుతిపెట్టె పెట్టి, తాళాలతో పాడే అలంకారాల దాకా వచ్చిన ఒక అమ్మాయిని, స్వరాలను వరుసగా పైకీ కిందికీ పాడే మొదటి సరళీ వరస పాడమని సైగ చేశాను. ఆరోహణలో రి, అంటే రిషభం దగ్గరే స్వరం పైకి జారింది; అవరోహణ ముగిసేసరికి స, అంటే షడ్జమం శ్రుతిపెట్టెలో ఒకచోట, ఆ పిల్ల గొంతులో మరొకచోట ఉన్నాయి. అన్ని నెలలూ ఆమె నా గొంతును పట్టుకుని నడిచింది. పక్కన శ్రుతి మోగుతున్నదన్న ధ్యాసే ఆమెకు నేను కలిగించలేదు.

అందుచేత ఈ వృత్తిలో అడుగుపెడుతున్న వారికి నేను మొదట చెప్పేది ఇదే: ఒకసారి పాడి చూపించి, ఆ తరువాత ఊరుకుని వినండి. గురువు నోరు మూసుకోవడం తేలికైన పని కాదు. పిల్ల తడబడుతున్నప్పుడు అందుకుని పాడేయాలని గొంతు దానంతటదే లేస్తుంది. ఆ పిల్ల తన తప్పును తానే విని సరిదిద్దుకోవడానికి కావలసిన రెండు క్షణాలను అక్కడే మనం లాగేసుకుంటాము.

కర్ణాటక సంగీతంలో మాయామాళవగౌళ రాగంతో పాఠం మొదలుపెట్టే పద్ధతిని పురందరదాసు ఏర్పరచారని సంప్రదాయం. ఈ రాగంలో స-రి, గ-మ, ప-ద, ని-స జంటలు దగ్గరదగ్గరగా ఉంటాయి. రి-గ, ద-ని మధ్య ఎడం ఎక్కువ. స నుంచి మ దాకా ఉండే పూర్వాంగంలో కుదిరిన అమరికే ప నుంచి పై స దాకా ఉండే ఉత్తరాంగంలోనూ కనిపిస్తుంది కనుక, సరిగమ చెవికి పట్టినవారికి పదనిస సగం వచ్చినట్లే. అయితే షడ్జమాన్ని ఆనుకుని ఉండే శుద్ధ రిషభమే పిల్లలకు కష్టం. దాన్ని తెలియకుండానే పైకి నెట్టేస్తారు. అలాంటప్పుడు వరస మొత్తం పదిసార్లు పాడించి లాభం లేదు. స-రి-స మాత్రం విలంబంలో, అంటే నిదానంగా, 'ఆ' అనే ఆకారంతో పాడించి, మళ్ళీ షడ్జమానికి వచ్చినప్పుడు అది శ్రుతిలో కలిసిపోయిందో లేదో చెప్పమని ఆ పిల్లనే అడగాలి. వరసల తరువాత నేర్పే చిన్న పాటలు, గీతాలు, ఎంత ముందు మొదలయ్యాయన్నది నాకు పెద్ద విషయం కాదు. మొదటి గీతాలు మలహరిలో ఉంటాయి, ఆ రాగం స్వరాలన్నీ మాయామాళవగౌళలో పాడినవే. వరసలు నిలిచిన పిల్లకు గీతం కొన్నాళ్ళ పని.

ఎవరి శ్రుతిలో నేర్పాలన్నది మరొక చిక్కు. ఒకటి అని పిలిచే కింది శ్రుతిలో పాడే మాస్టారు తన సౌకర్యం కోసం ఆడపిల్లలచేత అక్కడే పాడిస్తే, మంద్రంలో, అంటే కింది స్థాయిలో, వాళ్ళ గొంతు వినిపించనే వినిపించదు. వాళ్ళకు ఐదు, ఐదున్నర వంటి పై శ్రుతులు కావాలి. పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లలకు గొంతు మారుతున్నప్పుడు నిన్నటి శ్రుతి ఇవాళ అందదు. ఆ నెలల్లో పైన ఉండే తారస్థాయి జోలికి పోకుండా, అందినంత మేర పాడించి, తాళంమీద, స్వరాలు రాయడంమీద దృష్టి పెడితే ఆ కుర్రవాడు సిగ్గుపడి పాఠం మానేయడు. అలా మానేసినవారిని నేను చూశాను.

ఇప్పుడు అమెరికా పిల్లలకు ఫోనులో నేర్పేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. అక్కడ కలిసి పాడడం ఎలాగూ కుదరదు; మాట చేరడంలో ఆలస్యం ఉంటుంది కనుక తాళం తప్పుతుంది. పైగా ఎడతెగకుండా మోగే తంబురా నాదాన్ని ఆ యంత్రం రొద అనుకుని వడకట్టేస్తుంది. శ్రుతి పిల్లవాడి గదిలోనే మోగాలి, వడపోత ఆపించాలి. ఆ మాట మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పండి. నెల రుసుము ఎంతో, మానేసిన పాఠాల లెక్క ఏమిటో కూడా మొహమాటం లేకుండా అప్పుడే చెప్పేయండి.

దసరాకు బొమ్మల కొలువులో పాడాలి, ఒక కీర్తన చెప్పండి అని తల్లులు అడుగుతారు. తప్పేమీ లేదు, పిల్ల గొంతుకు అందే చిన్న పాట ఒకటి చెప్పండి. వారపు పాఠం మాత్రం దానికి బలి చేయకండి.

గొంతు పోయిన ఆ వారం తరువాత, ఆ అమ్మాయి మళ్ళీ సరళీ వరసలకు వచ్చింది. ఆమె తల్లి నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. రోజూ మొదటి పది నిమిషాలు శ్రుతిపెట్టె ముందు ఒక్క షడ్జమమే. కార్తీకమాసంలో ఒక సాయంత్రం వరస మధ్యలో తానే ఆగి, "టీచర్, రి పైకెళ్ళిపోయింది, మళ్ళీ పాడనా?" అని అడిగింది. నేను తల ఊపాను.