ఆ గుమస్తా చేతికి ఫారం చేరేదాకా

వేదిక మీది పెద్దలకు, న్యాయవాద మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

లిస్బన్‌లో ఉండే ఒకావిడ వియన్నాలోని దుకాణం నుంచి కుట్టుమిషను తెప్పించుకుందనుకోండి. అది పనిచేయలేదు, దుకాణం డబ్బు తిరిగివ్వలేదు. ఐరోపా సమాఖ్యలో దేశాల సరిహద్దు దాటిన ఇలాంటి చిన్న తగాదాలకు 2007లోనే ప్రత్యేక చట్టం చేశారు; ఇప్పుడు దాని పరిమితి 5,000 యూరోలు. 'ఎ' ఫారం నింపి కోర్టులో ఇవ్వాలి. వకీలు తప్పనిసరి కాదు. లిస్బన్ తీర్పు వియన్నాలో మళ్లీ దావా వేయకుండానే అమలవుతుంది. కానీ కౌంటరులోని గుమస్తా ఆ ఫారం ఎన్నడూ చూసి ఉండకపోతే? అంత మంచి చట్టమూ ఆ కిటికీ దగ్గరే ఆగిపోతుంది.

ఆ గుమస్తాకు నేర్పడానికయ్యే డబ్బు గురించే ఈరోజు మాట్లాడతాను. ఐరోపా సమాఖ్య 'జస్టిస్ ప్రోగ్రామ్' కింద 2021-27 కాలానికి సుమారు 30.5 కోట్ల యూరోలు కేటాయించింది. డెన్మార్క్ ఇందులో చేరలేదు. సివిల్, క్రిమినల్ సహకారానికీ, శిక్షణకూ, సామాన్యులకు న్యాయం అందించడానికీ అన్నిటికీ ఇదే మూట. ఏడేళ్లకు, ఇన్ని దేశాలకు ఇది చాలదనే నా అభిప్రాయం.

జడ్జీల శిక్షణ సదస్సులకు, ప్రయాణాలకు పెట్టే ఖర్చు దండగ అనేవారున్నారు. నేను ఒప్పుకోను. తండ్రి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్నాడు, తల్లి అతనికి చెప్పకుండా బిడ్డతో ఇటలీలోని ట్యూరిన్ వెళ్లిపోయిందనుకోండి. 2022 ఆగస్టు 1 నుంచి అమలవుతున్న సమాఖ్య నిబంధనల ప్రకారం, బిడ్డను వెనక్కి పంపాలా వద్దా అన్నది మొదట విచారించే కోర్టు సాధారణంగా ఆరు వారాల్లో తేల్చాలి. ఆ వ్యవధిలో ట్యూరిన్ జడ్జి లియోన్ జడ్జికి ఫోను చేయాల్సి రావచ్చు. ఒకప్పుడు శిక్షణలో ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇలాంటి ఊహా ఫైలునే ఇద్దరూ కలిసి తిరగేసి ఉంటే ఆ ఫోను ఎంత తేలికవుతుందో ఆలోచించండి! దుబాసీ రుసుము, రైలు టికెట్టు, అనువాదం ఖర్చు ఆ బల్ల కోసమే.

మన సంగతికి వస్తే, విదేశాల్లో ఉన్నవారికి సమన్లు అందజేయడంపై అంతర్జాతీయ హేగ్ ఒప్పందంలో భారత్ 2006లో చేరింది. ఇలా పిల్లలను దేశం దాటించే అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మాత్రం చేరలేదు. డాలస్‌లో తండ్రి, గుంటూరులో తల్లి, మధ్యన నలిగే బిడ్డ మన న్యాయవాదులకు తెలియని కథ కాదు. అందుకే మన రెండు రాష్ట్రాల న్యాయ అకాడమీలు ఏటా రెండు రోజులు ఇలాంటి ఫైలు మీద జడ్జీలకూ, కోర్టు సిబ్బందికీ కలిపి శిక్షణ ఇవ్వాలనీ, దానికి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు ఉండాలనీ ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను.