కార్డు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

అందరికీ నమస్కారం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో రేపో మాపో చేరబోయే ఐటీఐ, డిప్లొమా పిల్లలే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి పీఎల్‌సీ, అంటే యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటరు, అంటే ఏంటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టను. లైను ఆగిపోయింది, కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ మీద ఫోన్, స్క్రీన్ మీద ఒక ఇన్‌పుట్ రావట్లేదు. ఆ టెన్షన్‌లో అందరి నోటా వచ్చే మాట ఒకటే: "కార్డు పోయింది, మార్చేయ్." నేను ఒప్పుకోను. సెన్సార్ల సిగ్నల్‌ని పీఎల్‌సీకి అందించే ఇన్‌పుట్ కార్డు పోవడం అరుదు. ఎక్కువగా పోయేవి బయట ఎండకీ దుమ్ముకీ అదురుకీ నిలబడే సెన్సారూ, కేబులూ, జంక్షన్ బాక్సూ.

కార్డు లోపల ఆప్టోకప్లర్ ఉంటుంది. ఫీల్డు నుంచి వచ్చే కరెంటుతో అందులో చిన్న లైటు వెలుగుతుంది, అవతలి వైపు ట్రాన్సిస్టరు ఆ వెలుగుని పట్టుకుంటుంది. మధ్యలో వైరు కలవదు, అందుకే బయటి చిన్నాచితకా దెబ్బలు ప్రాసెసర్ దాకా పోవు.

కాబట్టి ముందు చూడాల్సింది సెన్సారు మీద లైటు, కార్డు మీద లైటు, ప్రోగ్రామ్‌లో ఆ ఇన్‌పుట్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూపించే బిట్టు. ఇవి మూడూ ఎక్కడ విడిపోయాయో అక్కడ వెతకాలి. సెన్సారు వెలిగి కార్డు వెలగకపోతే ముందు మధ్యలో వైరింగ్ సంగతి చూడండి. కార్డు మీద వెలిగి బిట్టు రాకపోతే అప్పుడు కార్డుని అనుమానించండి, అదీ అడ్రస్ సరిగ్గా ఉందా, పాత షిఫ్టులో ఎవరైనా ఫోర్స్ పెట్టి (బిట్టుని బలవంతంగా ఆన్‌లోనో ఆఫ్‌లోనో నిలిపి) వదిలేశారా అని చూశాకే. ఎనిమిది ఇన్‌పుట్లు ఒక్కసారే పోయాయంటే ఎనిమిది సెన్సార్లు కూడబలుక్కుని చెడిపోవు కదా, కామన్ వైరో ఫ్యూజో చూడండి.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది, జాగ్రత్తగా వినండి. బెల్టు కన్వేయర్ మీద ఒక స్విచ్చి అప్పుడప్పుడూ ఇన్‌పుట్ వదిలేస్తోంది, బెల్టు ట్రిప్ అవుతోంది, కాసేపటికి దానంతటదే బాగైపోతోంది. ఫిట్టరు కార్డు దగ్గర వైరు ఊడదీసి మీటరు పెడతాడు, రావాల్సిన 24 వోల్టులు నిక్కచ్చిగా ఉంటాయి. "వైరు బాగుంది, కార్డే పోయింది" అంటాడు. అదే వైరుని తిరిగి బిగించి, స్విచ్చి ఆన్‌లో ఉండగా అదే టెర్మినల్ మీద చూడండి, 13 వోల్టులే ఉంటాయి! వైరు ఊడదీస్తే కరెంటు పారదు, కరెంటు పారకపోతే జంక్షన్ బాక్సులో తుప్పు పట్టిన టెర్మినల్ మిగతా వోల్టేజీని తినేస్తున్న సంగతి మీటరుకి కనపడదు. పీఎల్‌సీలకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61131-2 ప్రకారం టైప్ 1 ఇన్‌పుట్‌కి 15 వోల్టుల పైన ఆన్, 5 లోపు ఆఫ్, మధ్యలో ఏదైనా కావచ్చు. 13 దగ్గర ఉన్న ఇన్‌పుట్ బెల్టు అదిరినప్పుడల్లా ఊగుతుంది. అలాంటి చోట కొత్త కార్డు పెట్టినా మళ్లీ అదే కథ. కేబులు బాక్సులోకి దూరే చోట బిగించే గ్లాండు వదులై లోపల సిమెంటు దుమ్ము, దాని మీద ఒక వాన పడితే టెర్మినల్ పచ్చబడిపోతుంది, విప్పి చూస్తే కంటికే కనపడుతుంది. అందుకే వైరు బిగించి ఉండగానే కొలవండి.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. రెండు వైర్ల ప్రాక్సిమిటీ సెన్సారు (తాకకుండానే దగ్గరకొచ్చిన వస్తువుని పసిగట్టేది) ఆఫ్‌లో ఉన్నా కొంచెం కరెంటు లీక్ అవుతుంది, కొన్ని కార్డులకి అదే చాలు, ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉండిపోతుంది.

అనలాగ్‌లో, అంటే ఆన్, ఆఫ్ కాకుండా ట్యాంకు మట్టం లాంటి కొలత వచ్చే ఇన్‌పుట్లలో, ఎక్కువగా వాడే సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు. సున్నాకి బదులు 4 నుంచి ఎందుకు మొదలుపెట్టారంటే, వైరు తెగితే కరెంటు సున్నా అవుతుంది, నిజంగా ట్యాంకు ఖాళీ అయితే 4 ఉంటుంది, తేడా తెలిసిపోతుంది. ఈ కరెంటు పారే లూప్‌లో మీటరు పెట్టాలంటే వైరు తెంచాలి, తెంచితే రీడింగ్ పడిపోయి ప్లాంటు ట్రిప్ కావచ్చు, కాబట్టి కంట్రోల్ రూమ్‌కి చెప్పకుండా ముట్టుకోవద్దు. లూప్ క్యాలిబ్రేటర్‌తో (మనకి కావలసినంత కరెంటు ఇచ్చే పరికరం) 12 మిల్లీ ఆంపియర్లు ఇస్తే స్క్రీన్ మీద సరిగ్గా సగం రావాలి. వచ్చిందంటే కార్డు బాగున్నట్టే, ఇక ఫీల్డులో కొలిచి ఆ కరెంటుని పంపే ట్రాన్స్‌మిటర్ వైపు నడవండి.

ఇంకో మాట గట్టిగా చెప్తా. కార్డుని పరీక్షించడానికి 24 వోల్టులు నేరుగా ఇన్‌పుట్‌కి జంపర్ చేస్తారు. దాంతో ప్రోగ్రాము మోటారుని స్టార్ట్ చేస్తే? బెల్టు పక్కన ఎవరైనా ఉంటే? పర్మిట్ తీసుకుని, మోటారు ఫీడర్‌కి తాళం వేసి, అప్పుడు జంపర్ పెట్టండి. పుల్ కార్డ్ స్విచ్చిని (బెల్టు పక్కన తాడు లాగితే బెల్టుని ఆపేది) మాత్రం "ఉత్పత్తి ఆగకూడదు" అని ఎవరు ఒత్తిడి చేసినా బైపాస్ చెయ్యొద్దు. ఆ తాడు లాగేవాడు ప్రాణభయంతో లాగుతాడు.

ఇవన్నీ అయ్యాక కార్డే అని తేలితే మార్చండి. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడండి, సింక్ కార్డు (కరెంటుని లోపలికి తీసుకునేది) స్థానంలో సోర్స్ కార్డు (కరెంటుని బయటికి ఇచ్చేది) పెడితే ఒక్క లైటూ వెలగదు. పవర్ ఉండగా లాగొచ్చో లేదో మాన్యువల్‌లో చూడండి. మార్చాక పోయిన చానెల్ ఒక్కటే చూసి వచ్చేయకండి, 16 ఉంటే 16 సెన్సార్లనీ ఫీల్డులో ఒక్కొక్కటే ఆపరేట్ చేయించి స్క్రీన్ మీద చూడండి.

ఈ బల్ల మీద ప్యానెల్‌లో ఒక లోపం పెట్టి ఉంచాను. ముందు వరసలో ఇద్దరు రండి, మీటరు పట్టుకోండి.