గొల్లుమన్న సభ

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా చెన్నైలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు. నాలుగోసారి నేను చదివితే వాళ్లకే విసుగు పుడుతుంది. బాబూ, ఆ మైకు కాస్త కిందికి దించు. ఆఁ, చాలు.

నాకిచ్చిన విషయం ‘గిడుగువారు, వాడుక భాష’. టైము పది నిమిషాలు. గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న పుట్టారని ఏటా ఇదే రోజున చెప్పుకుంటాం. నన్ను పట్టుకుని వదలని సంగతి వేరే ఉంది. సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవాలని మన్యంలో తిరిగి ఆయన మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి పోయిన మనిషి, జనం నోట వినపడే భాషలో రాయండయ్యా అని జన్మంతా పోట్లాడారు. 1940 జనవరిలో, పోయే ముందు కొద్దిరోజులకి కూడా, పత్రికల సంపాదకులకి ఆయన చేసుకున్న విన్నపం అదే. మరి చెవులు శుభ్రంగా ఉన్న మనం ఏం రాస్తున్నాం? ఆ సంగతి చెప్పాలనే వచ్చాను. గిడుగువారు నన్ను క్షమిస్తారు, కార్యదర్శిగారి సంగతే తెలీదు.

మొన్న మా మనవరాలు హోంవర్కు చేసుకుంటూ అడిగింది: “తాతయ్యా, అప్రోరియస్ అంటే తెలుగులో ఏంటి?” ముప్ఫై రెండేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి కదా, తడుముకోకుండా “హాస్యభరితం” అన్నాను. అది మొహం చిట్లించింది. “హాలంతా గోల గోలగా నవ్వడం తాతయ్యా. నువ్వు చెప్పినదాంట్లో చప్పుడేదీ?”

చప్పుడేదీ! చూశారా, ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లకి తెలిసింది నాకు తెలియలేదు.

ఆ ఇంగ్లీషు మాట కథ కూడా తమాషాగా ఉంటుంది. ‘అప్రోర్’ 16వ శతాబ్దంలో డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ దానికి అర్థం అలజడి, తిరుగుబాటు. గర్జనకీ దానికీ చుట్టరికం లేదు. ‘రోర్’ అని వినపడేసరికి ఇంగ్లీషువాళ్లు గర్జన కూడా కలిపేసుకున్నారు. అంటే వాళ్లు ఒక మాటకి చప్పుడు అరువు తెచ్చుకున్నారు. మనకి ఆ అవసరమే లేదు. మన నవ్వులన్నీ చప్పుడుతోనే పుట్టాయి. పకపకా నవ్వడం, కిలకిలా నవ్వడం ఒకటేనా? కాదు. కిసుక్కున నవ్వినావిడ నోటికి పైటకొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది, రాయకపోయినా మనకి కనిపిస్తుంది. విరగబడి నవ్వినవాడు కుర్చీలో నిటారుగా ఉండడు. విశేషణం కోసం నిఘంటువు వెతికే బదులు, క్రియ ముందు చప్పుడు పెట్టడం మన పద్ధతి. కావాలంటే దాన్నే తిప్పి ‘గొల్లుమన్న సభ’ అనండి, విశేషణమూ తయారు!

ఈ గొల్లుమనడం గురించే నా ఫిర్యాదు. పాతికేళ్ల నుంచీ కడుపులో ఉంది. ఇవాళ కక్కేస్తాను.

మన సంఘం కాదు, ఇక్కడే ఇంకో సంఘం. పేరు వద్దు. ఉగాది కవి సమ్మేళనం. నేను మినిట్స్, అంటే సభలో జరిగిన సంగతులు, రాసేవాణ్ణి. హాలు చిన్నది, వెనకాల తలుపు తీస్తే వంటిల్లు. వంటమాస్టరు తమిళాయన. పులిహోర వాసన ముందు వరసదాకా వస్తోంది, ఒంటిగంటన్నర అయింది, ఏడో కవిగారు మైకు వదలడం లేదు. నెల్లూరు నుంచి వచ్చారు, మంచి గొంతు. తొమ్మిది పద్యాలయ్యాయి. ఆయన కండువా సవరించుకుని, ఎంతో వినయంగా, “ఇంకొక్క పద్యం చదవమంటారా?” అని అడిగారు.

సరిగ్గా అప్పుడు వంటింట్లో కుర్రాడెవడో సాంబారు గుండిగలో నీళ్లు పోస్తున్నాడు. మాస్టరు గావుకేక పెట్టాడు: “పోదుం! పోదుం!”

(సభలో నవ్వులు)

అదిగో, మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి అదో వరం. తమిళంలో ‘చాలు చాలు’. తెలుగులో ‘వెళ్దాం, వెళ్దాం’. ఏ భాషలో విన్నా కవిగారికి ఒకటే జవాబు! రెండు క్షణాలు ఎవరూ కదల్లేదు. తరవాత మొదట ఎవరు మొదలెట్టారో తెలీదుగానీ, సభ గొల్లుమంది. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ, పక్కావిడ భుజం మీద కొడుతూ నవ్వింది. కవిగారు మాత్రం చాలా పెద్దమనిషి. “సరేనయ్యా, పోదుం. వడ్డించండి” అని దిగేశారు. దాంతో మళ్లీ గొల్లు.

ఆ రాత్రే కూర్చుని జరిగింది జరిగినట్టు మినిట్స్‌లో రాశాను. మర్నాడు అప్పటి కార్యదర్శిగారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. పైన ఏం రాశారో తెలుసా? “కవి సమ్మేళనం ఆహ్లాదకరమైన వాతావరణంలో జరిగినది.” జరిగినది! అయ్యా, ఆహ్లాదకరమైన వాతావరణం ఊటీలో ఉంటుంది. ఆ హాల్లో రెండు ఫ్యాన్లు పనిచెయ్యడం లేదు.

ఎందుకు కొట్టేశారని అడిగాను. పండితులు కదా, శాస్త్రం తీశారు. భరతుడి నాట్యశాస్త్రంలో హాసం ఆరు రకాలు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. కళ్లల్లో నీళ్లు తిరిగేలా, పక్కలు పట్టుకుని నవ్వేది ఆ ఆఖరుది. “మన సభ్యుల్ని అధములంటావా?” అన్నారు. పైగా, “గొల్లుమనడం ఏడుపుకి వాడతారు” అన్నారు. నిజమే, గొల్లున ఏడుస్తాం, గొల్లున నవ్వుతాం. పదిమంది గొంతులు ఒక్కసారి తెగితే వచ్చే చప్పుడది. అది నవ్వో ఏడుపో పక్కన ఉన్న మాట చెబుతుంది. ఆ మాటకొస్తే ఆరు రకాల్లో ఆఖరుదానికీ కన్నీళ్లున్నాయి కదా అన్నాను. ఆయన వినలేదు.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. ఐదు నిమిషాలండీ, అంతే.

ఇప్పటివాళ్లు ఎర్ర పెన్ను లేకుండానే కొట్టేసుకుంటున్నారని నా బెంగ. మా ఇంటి వాట్సాప్ గ్రూపు ఉంది. మా తోడల్లుడు తిరుపతి రైల్లో పక్కవాళ్ల క్యారియర్ మనదే అనుకుని విప్పి, సగం దద్దోజనం తినేశాడు. అంత కథ జరిగితే గ్రూపులో ఏం రాశారు? “ఫుల్ కామెడీ” అని, పక్కన పసుప్పచ్చ మొహాలు ఆరు. ఆ మొహాలు జోకుకీ అవే, ఆధార్ కార్డు ఫొటోకీ అవే. ఇక ‘కడుపుబ్బ నవ్వించే’ అన్నదాన్ని సినిమా పోస్టర్లు అరగదీసేశాయి. అది చూస్తే నాకు కడుపుబ్బరం మాత్రలే గుర్తొస్తాయి.

అలాగని ప్రతిదానికీ సభని గొల్లుమనిపించకండి. ప్రెస్సులో ఒక సావనీరు ప్రూఫు దిద్దాను. ఒకే పేజీలో నాలుగుసార్లు ‘నవ్వుల పువ్వులు పూశాయి’. నాలుగోదానికి నేను నవ్వాను, కానీ అది ఆ రచయిత కోరుకున్న నవ్వు కాదు. ముగ్గురు ముసిముసిగా నవ్వితే ముసిముసి అనే రాయండి. హాలు దద్దరిల్లినప్పుడు మాత్రం జంకకండి. ఇవాళ మినిట్స్ రాస్తున్న అమ్మాయి ఎవరమ్మా? నువ్వేనా? ఇందాక వీళ్లు నవ్వారు కదా, ఏం రాశావు? “నవ్వులు” అనా? పోనీలే, ‘హర్షధ్వానాలు’ రాయలేదు, సంతోషం.

ఇదిగో, సంచిలో పాత మినిట్స్ పుస్తకం తెచ్చాను. ఆ సంఘం మూతపడ్డప్పుడు దీన్ని పాత పేపర్లలో వెయ్యబోతుంటే అడిగి తీసుకున్నాను. ఆ కార్యదర్శిగారు ఇప్పుడు లేరు. మహానుభావులు, నాకు ఛందస్సు నేర్పింది ఆయనే. ఎర్ర గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. కళ్లజోడు పెట్టుకోనివ్వండి. చదువుతాను:

“ఇంకొక్క పద్యం చదవమంటారా అని కవిగారు అడుగుచుండగా వంటింటినుండి పోదుం, పోదుం అని వినబడుటచే సభ గొల్లుమన్నది. అందరికంటె బిగ్గరగా నవ్వినవారు మన కార్యదర్శిగారు. వారి కళ్లజోడు జారి ఉగాది పచ్చడిలో పడినది.”

నమస్కారం.